ఖాళీలు తీసేశాక

యుద్ధం ఆరో రోజు.
క్వీన్స్ రోడ్డు మూడో అంతస్తులో ఏసీ రొద తప్ప
నాకు వేరే ఫిరంగి మోత తెలీదు.
"మాజీ సైనికుడొకడు కావాలి, మీసముంటే మేలు"
అన్నారు డెస్కు వాళ్లు.
జనరళ్లంతా పెద్ద ఛానళ్లకు ముందే బుక్కయిపోయారు.

జీవనహళ్లి రైలు గేటు అవతల
రెండు గదుల ఇంట్లో దొరికాడు
సుబేదార్ కదిరప్ప, మద్రాస్ సాపర్స్, రిటైర్డ్.
మీసం లేదు.
పతకాలు పెట్టుకోమంటే
బియ్యం డబ్బా వెనకనుంచి తీసి, లుంగీ అంచుతో తుడిచి
"ఇవి సెప్తాయా, నేను సెప్పల్లా?" అన్నాడట.

ఫుటేజీ నా ముందుకొచ్చింది.
పదకొండు నిమిషాల నలభై సెకన్లు.
అందులో సగం ఆయన మాట్లాడనే లేదు.

మాటకీ మాటకీ నడుమ ఆగుతాడు.
మందుపాతర వెతికేవాడు
చువ్వను వాలుగా నేలలోకి దింపి
మునివేళ్లతో వింటాడే, అట్లా.
ఏమీ తగల్లేదని తేలాకే
తర్వాతి మాట మీద కాలు పెడతాడు.

నాకది అప్పుడు తట్టలేదు.
ఖాళీ అంటే మా పనిలో చెత్త.
ఒక్కొక్కటే ఎంచి, నొక్కి, తీసేశాను.

ఆయనన్నది ఇది:
"కొట్టాల్సొస్తే కొట్టాల్సిందే. దాంట్లో మాట ల్యా."
ఇక్కడ పద్నాలుగు సెకన్లు.
వెనక గదిలో పిల్లెవరో ఏడో ఎక్కం వల్లిస్తోంది.
"అయితే నాయనా, కొట్టినాక ఆ నేల ఎవురు సుబ్రం జెయ్యల్ల?
మేము జేసినాం. పది నెల్లు. అన్నీ గోదుమ సేన్లు.
గవర్మెంటు మా లెక్క యాడా రాసుకోల్యా."
ఇక్కడ కుక్కరు మూడు కూతలు.
"మా జతగాడు..."

రాత్రి తొమ్మిదికి మా తెర మీద ఎర్ర పట్టీ:
కొట్టాల్సిందే! వీర సైనికుడి గర్జన.
అదే ఫుటేజీని ఏజెన్సీ దగ్గర కొన్న
ఐదో అంతస్తు వాళ్ల తెర మీద నల్ల పట్టీ:
మా లెక్కే లేదు! సర్కారుపై జవాను నిప్పులు.
గర్జించిందీ, నిప్పులు చెరిగిందీ
కుక్కరు కూత ఆగేదాకా
ఓపిగ్గా కూర్చున్న ఆ మనిషే.

లిఫ్టులో ఐదో అంతస్తు పరంజ్యోతి కలిసి
"నీది ఎన్ని సెకన్లు?" అన్నాడు.
"తొమ్మిది."
"నాది ఏడు" అని నవ్వాడు.
నేనూ నవ్వాను. ఆ సంగతి దాచను.

నాలుగో పొద్దున ఫోను.
తిడతాడనుకున్నా.
గేటుకి ఎవరో దండ కట్టారట,
మధ్యాహ్నానికి అదే గేటుకి ఎవరో పేడ కొట్టారట.
దండ పక్కింటి మేకకు వేశాడట, పేడ కడిగాడట.
అందుకు చేయలేదు ఫోను.

"మా జతగాని పేరు సెప్పింటి గదా, కొసాన.
వాళ్లామె కోలారు గనుల తట్టుండాది.
టీవీలో పేరొస్తాదని సెప్పిపెట్టినా.
రెండు రాత్రులు కూసోనే ఉండాదంట.
ఆ ముక్క యాడన్నా మిగిలిందా నాయనా?"

మా సర్వర్లో డెబ్బై రెండు గంటలకోసారి
పాత యుద్ధం మీద కొత్త యుద్ధం రాసుకుపోతుంది.
వెతుకుతున్నట్టు కీబోర్డు చప్పుడు చేశాను.
ఆయన ఆగాడు.
ఫోనులో ఆ ఖాళీని తీసెయ్యడానికి
నా దగ్గర మీట లేదు.

"పోయిందా" అన్నాడు. "సరే, రాసుకో."
వైర్‌లెస్ సెట్టు మీద చెప్పినట్టు
అక్షరం అక్షరం విడగొట్టి చెప్పాడు.
చేతికందిన పెట్రోలు బిల్లు వెనక్కి తిప్పి రాశాను:
లాన్స్ నాయక్ సవరిముత్తు.

వాళ్లామె పేరు నేనడగలేదు.
బిల్లు ముందువైపు అంకెలు అప్పుడే మాసిపోతున్నాయి.
ఇది మాత్రం బాల్‌పెన్నుతో, గట్టిగా ఒత్తి,
ఆయన ఆగినచోటల్లా ఆగి.